గురవమ్మ ఇంటి శిలాఫలకాలు

శిలాఫలకం లేని ఇల్లు ఇల్లే కాదని మా గృహనిర్మాణ శాఖ తేల్చేసిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు జిల్లా ఆఫీసు మీటింగులో మిరపకాయ బజ్జీలు పెట్టారు. పెద్ద నిర్ణయం ఏదైనా తీసుకునేటప్పుడు మా శాఖ బజ్జీలు పెడుతుంది. బిస్కెట్లు పెట్టారంటే ఆ రోజు విషయం వాయిదా పడ్డట్టేనని మాకు ముందే తెలిసిపోతుంది.

నేను రాళ్లవాగు మండలానికి హౌసింగ్ ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. ఇంజనీరన్న మాట మా అమ్మ నలుగురికీ చెప్పుకోవడానికి, అసిస్టెంటన్న మాట పై అధికారులు నాకు గుర్తు చేయడానికి. ఆ ఏడాదే 'సురక్షిత గృహ ప్రగతి మిషన్' అనే పథకం వచ్చింది. కూలిపోయేలా ఉన్న ఇళ్లను గుర్తించాలి, వాటి చోట గట్టి ఇల్లు కట్టుకోవడానికి సాయం చేయాలి. మంచి ఉద్దేశమే. ఉద్దేశాల విషయంలో మా శాఖను ఎవరూ వేలెత్తి చూపలేరు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పక్క జిల్లాలో ఎవడో తొందరపాటు మనిషి సాయం అందగానే ఎవరినీ పిలవకుండా, కొబ్బరికాయ తనే కొట్టుకుని, ఇల్లు కట్టేసుకున్నాడు. అందులో కాపురం కూడా పెట్టాడు. ఆ నియోజకవర్గం పెద్దమనిషి ఒకాయన కారులో అటుగా పోతూ, "ఈ ఇంటికి శంకుస్థాపన చేసిందెవరు?" అని అడిగాడట. పక్కనున్న వాళ్లంతా తలలు దించుకున్నారట. ఆ తలదించుకోవడం ఎక్కడెక్కడికో పాకి, చివరికి ఒక సర్క్యులరై మా జిల్లాకు వచ్చింది.

మా ప్రాజెక్టు డైరెక్టరు విశ్వేశ్వరప్రసాద్ గారు దాన్ని లేచి నిలబడి చదివారు. "మిషన్ కింద మంజూరైన ప్రతి గృహమునకు, నిర్మాణమునకు పూర్వమే, గౌరవనీయ ప్రజాప్రతినిధుల నామధేయములతో కూడిన శిలాఫలకము ప్రతిష్ఠింపబడవలెను. శిలాఫలకము లేని గృహము గృహముగా పరిగణింపబడదు." చదివి, కళ్లజోడు తీసి, "ఇందులో ఎంతో లోతైన ఆలోచన ఉంది," అన్నారు. ఆయనకు ప్రతి సర్క్యులర్‌లోనూ లోతైన ఆలోచన కనిపిస్తుంది. అందుకే ఆయన డైరెక్టరయ్యారు, నేను ఏఈగా ఉండిపోయాను.

నేను ఊరుకోలేక చెయ్యెత్తాను. "సార్, ఇల్లు లేకుండా ఫలకం దేనికి తగిలించాలి?"

డైరెక్టరు గారు నావైపు జాలిగా చూశారు. "ఏఈ గారూ, మీరు ఇంజనీరింగ్ దృష్టితో ఆలోచిస్తున్నారు. ప్రగతి దృష్టితో ఆలోచించండి. ఇల్లు లేవాలంటే ఏడాది పడుతుంది. ఫలకం వారంలో తయారవుతుంది. రెండింట్లో వేగవంతమైన ప్రగతి ఏది?"

ఫలకమేనని ఒప్పుకుని కూర్చున్నాను. బజ్జీ చల్లారిపోయింది.

రాళ్లవాగులో నా జాబితాలో మొదటి ఇల్లు గురవమ్మది. ఆమె భర్త మాలకొండయ్య బేల్దారి మేస్త్రి. ఊళ్లో సగం ఇళ్లు అతని చేతి మీదుగా లేచినవే. నేను కూర్చునే ఆఫీసు ప్రహరీ కూడా అతను కట్టిందే. తను మాత్రం తండ్రి కట్టిన మట్టిగోడల మధ్యే ఉండిపోయాడు. కిందటి వానల్లో ఆ ఇంటి పక్కగోడ విరిగి అతని కాలు మీద పడింది. ఎముక సరిగ్గా అతుక్కోలేదు. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. మిగిలిన గదిలో మంచం పట్టే చోటు ఒక్కటే ఉంది, వెనక గోడ కింద. ఆ వెనక గోడేమో లోపలికి ఒరిగి, రెండు తాటిదుంగల ఆసరాతో నిలబడి ఉంది. ఇల్లు కట్టేవాడి గతి ఇలా ఉంటే చూసి ఒళ్లు మండింది నాకు. మండి ఏం చేయను, చేతిలో ఎర్రరంగు డబ్బా తప్ప మరేం లేదు.

రూలు ప్రకారం గోడ మీద 'ప్రమాదకర గృహం' అని ఎర్రగా రాయాలి. కుంచె ఆనించగానే గోడ పెచ్చు ఊడి పడింది. మళ్లీ ఆనిస్తే ఏం పడుతుందోనని భయపడి తలుపు మీద రాశాను.

గురవమ్మ చీపురుతో ఆ పెచ్చులు ఊడుస్తూ అంది. "సారూ, కార్తీకం వానలకి ఈ గోడ ఆగదు. పడితే సూటిగా మా ఆయన మీదే పడుద్ది. లేపి మోసేదానికి నేనొక్కదాన్నే ఉండా. మీ సాయం అప్పటికి వచ్చుద్దా?"

"ముందు శిలాఫలకం రావాలమ్మా."

"అదేంది?"

చెప్పాను. ఆమె చీపురు ఆపి నిలబడింది. "గుడికైనా ముందు గుడి కట్టి, ఆ తరవాత గదా సారూ దాతల పేర్లు చెక్కేది?"

"అది దేవాదాయ శాఖ, గురవమ్మా. మాది వేరు."

మంచం మీద నుంచి మాలకొండయ్య అడిగాడు. "ఎంత మందం సార్ ఆ రాయి?"

"రెండంగుళాలు. గ్రానైటు."

"నునుపు రెండు వైపులా ఉంటదా?"

"పేర్లున్న వైపే."

అతను కళ్లు మూసుకుని కాసేపు ఏదో లెక్క వేసుకున్నట్టు ఉండి, "మంచి రాయే," అన్నాడు.

ఇక అనంతాచారి గారి సంగతి చెప్పాలి. ఆయన జిల్లాలో ప్రోటోకాల్ సూపరింటెండెంటు. ఎవరి పేరు ముందు రావాలి, ఎవరిది పక్కన రావాలి, ఎవరిది కింద రావాలి అన్నది ఆయనకు తెలిసినట్టు ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. సొంత కూతురి పెళ్లి పత్రికలో కూడా బంధువులను హోదా ప్రకారం సర్ది, వియ్యంకుణ్ణి 'ఆత్మీయ అతిథి'గా అడుగున వేశారు. ఆ వియ్యంకుడు నేటికీ మాట్లాడడు. అయినా ఆచారి గారికి పశ్చాత్తాపం లేదు. వరుస వరుసే అంటారు.

మొదటి ఫలకం ట్రాక్టరు మీద గురవమ్మ వాకిట్లో దిగింది. తళతళలాడే నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. ఆచారి గారు దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, జేబులోంచి టేపు తీసి అక్షరాల ఎత్తు కొలిచారు. ముఖం పాలిపోయింది. "ఎంపీ గారి అక్షరములు, మంత్రివర్యుల అక్షరములు సమాన పరిమాణమున ఉన్నవి. ఇది తిరుగుబాటుతో సమానము. సదరు ఫలకము తిరస్కరించడమైనది."

రెండోది అక్షరాల కొలతతో సహా చక్కగా వచ్చింది. కానీ అది ట్రాక్టరులో ఉండగానే జిల్లా పరిషత్తు ఉపాధ్యక్షుడు పార్టీ మారి పదవి పోగొట్టుకున్నాడు. దాన్నీ తిరస్కరించారు. ఆ తరవాత వచ్చినదాని మీద మార్కెట్ యార్డు ఛైర్మన్ పేరు లేదు. ఆయన పేరు చేర్చి చేయిస్తే సహకార సంఘం అధ్యక్షుడు అలిగాడు. ఆయన్ని చేర్చేసరికి మంత్రివర్గమే మారిపోయి, పాత మంత్రి పోయి కొత్త మంత్రి వచ్చాడు. కొత్త మంత్రి పేరుతోనూ రాళ్లు ఇలాగే ఒకదాని వెంట ఒకటి వచ్చి, తిరస్కరణ పొంది వాకిట్లోనే ఉండిపోయాయి. పేర్లు పెరిగే కొద్దీ రాయి పొడుగూ పెరిగింది. నిలువెత్తు మనిషిని దాటి, వాకిలి చట్రమంత అయింది.

తిరస్కరించిన రాళ్లను ఏం చేయాలని నేను జిల్లా ఆఫీసులో అడిగాను.

"పగలగొట్టించమంటారా?"

ఆచారి గారు చెవులు మూసుకున్నారు. "గౌరవనీయుల నామము మీద సుత్తి వేస్తారా! ఎంత మాట!"

"పోనీ షాపువాడికి వెనక్కి ఇచ్చేద్దామా?"

"ప్రభుత్వ ఆస్తి."

"మన ఆఫీసు వెనకాల పెట్టిద్దామా?"

ఈసారి డైరెక్టరు గారు కలగజేసుకున్నారు. "అక్కడ ఖాళీ ఎక్కడిది? పాత ప్రభుత్వం ఫలకాలున్నాయి." తరవాత స్టెనోను పిలిచి చెప్పి రాయించారు. "సదరు ఫలకములను తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు లబ్ధిదారుని స్వాధీనమున భద్రపరచవలెను. పగులుగాని, చెడుగాని సంభవించినచో లబ్ధిదారుడే పూర్తి బాధ్యుడు."

ఆ ఉత్తర్వు నేనే తీసుకెళ్లి గురవమ్మకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా వింది. "రాయి పగిలితే మాది బాధ్యత. సరే సారూ. మా గోడ మా మీద పడితే ఎవరిది?"

"దాని మీద ఇంకా సర్క్యులర్ రాలేదమ్మా."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. వాకిట్లో నల్లరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, లోపల తాటిదుంగలు ఇంకాస్త వంగి ఉన్నాయి.

ఆ నెలాఖరు సమీక్షలో తెర మీద ఒక గ్రాఫు వేశారు. అందులో రాళ్లవాగు మండలం గీత అందరి కంటే పైకి లేచి, గ్రాఫు అంచు దాటి పోయింది. మిషన్ నిధుల వినియోగంలో మేమే ప్రథమం. డైరెక్టరు గారు నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. పక్క మండలం ఏఈ మొదటిసారే తప్పు లేకుండా ఫలకం చేయించి, ఒక్కదానితోనే పని ముగించాడు. పాపం, వాణ్ణి అందరి ముందూ కడిగి పారేశారు. "ఒక్క ఫలకంతో సరిపెట్టారంటే మీకు పేదల గృహసమస్య పట్ల శ్రద్ధ లేదన్నమాట. రాళ్లవాగును చూసి నేర్చుకోండి." వాడు నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

సరిగ్గా ఆ వారంలోనే ఘోరం జరిగింది. ఎవరిదో గేదె గురవమ్మ వాకిట్లోకి వచ్చి, ఫలకానికి ఒళ్లు రుద్దుకుంది. సరిగ్గా మంత్రిగారి పేరు దగ్గర, సంతృప్తిగా. ఎవడో దాన్ని ఫొటో తీసి పత్రికకు ఇచ్చాడు. జిల్లా ఆఫీసు అట్టుడికిపోయింది. మళ్లీ బజ్జీలొచ్చాయి.

"మన మిషన్ పేరులోనే సురక్షిత అన్న మాట ఉంది," అని డైరెక్టరు గారు బల్ల గుద్దారు. "ఫలకాలకే భద్రత లేకపోతే ప్రజలకు మనం ఏం ముఖం చూపిస్తాం?"

'శిలాఫలక భద్రతా మార్గదర్శకాలు' అప్పటికప్పుడు తయారయ్యాయి. ఫలకములను నేల మీద పడుకోబెట్టరాదు. పునాది తీసి, సిమెంటుతో నిలువుగా నిలబెట్టవలెను. పశువులు చొరబడకుండా ఫలకమునకు ఫలకమునకు నడుమ సందు లేకుండా నాలుగు వైపులా మూయవలెను. వర్షమునకు అక్షరములు చెడకుండా పైన రేకులు కప్పవలెను. వీటికి కావలసిన సిమెంటు, ఇసుక, ఇనుప గొట్టాలు, రేకులు వెంటనే మంజూరు చేయడమైనది.

నేను నోరు కట్టుకోలేకపోయాను. "సార్, ఆ సిమెంటుతోనే పక్కనున్న వాళ్ల గోడ..."

"అది వేరే పద్దు," అన్నారు డైరెక్టరు గారు.

సామాను దిగిన రోజు మార్గదర్శకాలను గురవమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను. ఆమె మంచం వైపు చూసింది, మాలకొండయ్య ఆమె వైపు చూశాడు.

"పశువులు రాకుండా నాలుగు పక్కలా మూయాలంటన్నారు. అంతేగా సారూ?"

"అంతే."

"మనుషులు వస్తే?"

కాగితాలు తిరగేశాను. "మనుషుల ప్రస్తావన లేదు."

"వద్దని రాశారా?"

"వద్దని లేదు. కావాలనీ లేదు."

"చాలు," అంది. కొంగు నడుముకు చుట్టి గునపం తీసింది.

మరునాటి నుంచి ఆ వాకిట్లో జరిగిన పని చూడ్డానికి నేను ఏదో ఒక వంకతో రోజూ వెళ్లేవాణ్ణి. మాలకొండయ్య మంచం బయటికి లాగించుకుని, దాని మీద కూర్చుని కేకలేసేవాడు. గురవమ్మ, ఆమెతో కూలికి వెళ్లే ఆడవాళ్లు రాళ్లు ఎత్తేవాళ్లు. ఏ రాయి ఏదో గుర్తుకి అతను పైనున్న పేర్లనే వాడేవాడు.

"మేయ్ గురవా, ఆ ఎంపీని ఇటు జరుపు. ఇంకా. ఆఁ. మార్కెట్ యార్డు కింద సందుంది చూడు, సిమెంటు దట్టించు. తూకం గుండు వదులు. ఎమ్మెల్యే వాలి ఉన్నాడు, కనపడలా? నిటారుగా నిలబెట్టు. మంత్రి మీద మంత్రిని పెట్టబాక, అతుకు మీద అతుకు పడితే గోడ చీలుద్ది. అడ్డంగా జడ్పీని వెయ్."

రాష్ట్ర రాజకీయాలను అంత పద్ధతిగా సర్దినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

గోడలు లేచాయి గానీ స్నానానికి చాటు కట్టడానికి రాళ్లు చాలలేదు. గురవమ్మ తలకు నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని జిల్లా ఆఫీసుకు వచ్చింది. ఆచారి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, ఆ కొత్త రాయి మీద మహిళా సమాఖ్య అధ్యక్షురాలి పేరు లేదంట. ఆమె బో బాధపడతా ఉంది. అన్నం గూడా తినడం లేదంట."

ఆచారి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి. "చూశారా ఏఈ గారూ! ఒక సామాన్య స్త్రీకి ఎంతటి ప్రోటోకాల్ స్పృహ!" వారం తిరక్కుండా మరో ఫలకం దిగింది. దాని మీద ఆసుపత్రి అభివృద్ధి కమిటీ వాళ్లు లేరని పదిరోజుల్లో మళ్లీ వచ్చింది. ఆమె చేస్తున్నదేమిటో నాకు అర్థమైంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదని నాకు సంతోషంగా ఉండేది, భోజనం చేస్తూ నవ్వుకునేవాణ్ణి.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒక మధ్యాహ్నం ఆకాశం కిందికి దిగినట్టయి, విడవకుండా కురిసింది. నాకు ఆ తాటిదుంగలే కళ్లముందు కనపడ్డాయి. జీపు వాగు దగ్గర ఆగిపోతే, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి నడిచాను. పాత ఇల్లు లేదు. మట్టికుప్ప, దాని మీద 'ప్రమాదకర గృహం' అని నేను రాసిన తలుపు వెల్లకిలా పడి ఉన్నాయి.

"సారూ, ఇట్టా రండి, తడుస్తా ఉండారు," అని గురవమ్మ పిలిచింది.

నల్లరాతి గోడల మధ్య, రేకుల కింద, మంచం మీద మాలకొండయ్య దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. పొయ్యి మండుతోంది. నేల పొడిగా ఉంది.

"ఇందాకే పడింది సార్ గోడ," అన్నాడు. "దుంగలతో సహా. సరిగ్గా మంచం ఉండే చోట."

ఆమె టీ ఇచ్చింది. గోడకు ఆనుకుని తాగాను. వీపుకు ఎవరి పేరో చల్లగా తగిలింది.

వాన వెలిశాక జిల్లా ఆఫీసుకు అసలు తుపాను వచ్చింది. గృహభద్రత మీద స్వయంగా మంత్రిగారే పర్యటనకు వస్తున్నారు. మిషన్ కింద లేచిన ఇళ్లు చూపించమన్నారు. మిషన్ కింద ఫలకాలు లేచాయి గానీ ఇళ్లు లేవలేదు. వానకు ఇళ్లు కూలి, ఫలకాల యజమానులందరూ బడిలో తలదాచుకుని ఉన్నారు. డైరెక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. అంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు.

"ఏఈ గారూ, మీ మండలంలో ఒక ఇల్లు నిలబడి ఉందని విన్నాను. అది అక్రమ కట్టడమే కావచ్చు. కానీ నిలబడి ఉంది కదా?"

మంత్రిగారు కార్ల వరసతో, విలేకరులతో వచ్చారు. ముందు గోడ మీద, వాకిలికి అటూ ఇటూ తన పేరు చూసుకుని ముఖం విప్పారింది. "బాగుంది. చాలా బాగుంది. ఇంత భక్తిగా కట్టుకున్న ఇల్లు నేను చూడలేదు," అంటూ లోపలికి వంగారు. వెనకే ఆచారి గారు, నేను.

లోపల మొదట పొయ్యి కనిపించింది. పొయ్యి వెనక రాయి మీద మంత్రిగారి పేరే ఉంది, సగం మసి పట్టి. ఆయన తల ఎత్తారు. దాని పై వరసలో పాత మంత్రిగారి పేరు తళతళలాడుతోంది.

"మాజీ పైన, నేను పొయ్యి దగ్గరా?"

ఆయన మూలనున్న చాటు వైపు నడిచారు. ఆచారి గారు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. "సార్, అటు వద్దు సార్. అది స్నానాల..." మంత్రిగారు ఆయన్ని పక్కకు నెట్టి తొంగి చూశారు. లోపల గౌరవనీయులంతా వరసగా ఉన్నారు, హోదా ప్రకారం, ఒక బక్కెట్టు చుట్టూ.

బయటికి వచ్చి ఆయన ఒకే మాట అన్నారు. "కూల్చెయ్యండి."

గడ్డపార వచ్చింది. డైరెక్టరు గారు దాన్ని తనే మోసుకొచ్చినంత పని చేశారు. గురవమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"బాబూ, ఆ కాలుతో మా ఆయన్ని యాడికి మొయ్యమంటారు? ఆ ఇల్లు పడిపోయింది. ఇది గూడా తీసేస్తే మేం యాడ పడుకోవాల?"

గడ్డపార పట్టుకున్నవాడు నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. అప్పుడు ఆచారి గారు ముందుకు వచ్చారు. నా జీవితంలో ఆయన్ని చూసి దండం పెట్టాలనిపించింది ఆ ఒక్కసారే.

"సార్, మనవి. గౌరవనీయుల నామధేయము గల ఫలకమునకు ఎవ్విధమైన హానియు కలిగించరాదని ఉత్తర్వు. వాకిలి పక్కనున్నది తమరి పేరే. మొదటి దెబ్బ తమరి మీదనే పడుతుంది సార్."

"అయితే ఆ మాజీ వాణ్ణి ఒక్కణ్ణే తియ్యండి."

లోపల నుంచి మాలకొండయ్య గొంతు వినిపించింది. "అట్టా కుదరదండీ. గోడంతా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంది. ఆయన్ని తీస్తే తమరు గూడా పడతారు."

విలేకరుల కెమెరాలు పైకి లేచాయి. మంత్రిగారు వాటి వంక చూశారు, గడ్డపార వంక చూశారు, తన పేరు వంక చూశారు. పదవులు ఊరికే రావు. ఆయన ముఖంలో నవ్వు పుట్టుకొచ్చింది. గురవమ్మ భుజం మీద చెయ్యి వేశారు.

"మన మిషన్ కింద పూర్తయిన తొలి గృహం ఇది. నేనే ప్రారంభిస్తాను. ఇప్పుడే."

డైరెక్టరు గారు గడ్డపారను కాలితో వెనక్కి నెట్టారు. ప్రారంభోత్సవమంటే ఫలకం ఉండాలి. మా జిల్లాలో ఇంటికి కావలసినవి దొరక్కపోవచ్చు గానీ ఫలకం దొరక్కపోవడమన్నది లేదు. ఇంకో ఇంటి కోసం ముందే చెక్కించి పెట్టినది సాయంత్రానికల్లా ట్రాక్టరు మీద వచ్చింది. నిలువెత్తు రాయి, అందరి పేర్లూ ఉన్నాయి. గురవమ్మ పేరు లేదు. లబ్ధిదారుల పేర్లు వేసే ఆనవాయితీ లేదని ఆచారి గారు చెప్పారు.

ఎక్కడ పెట్టాలన్నది సమస్యయింది. ప్రారంభ ఫలకం ఇంటి ముందువైపు, తూర్పు ముఖంగా, కంటి ఎత్తులో ఉండాలి. ఒకరి పేరు మీద మరొకరి పేరు కప్పకూడదు. ముందు గోడంతా గౌరవనీయులతో నిండిపోయింది. డైరెక్టరు గారు అటూ ఇటూ చూసి, "మధ్యలో ఖాళీ ఉంది కదా," అన్నారు.

"అది వాకిలి సార్," అన్నాను.

"ఏఈ గారూ, మళ్లీ ఇంజనీరింగ్ దృష్టి."

రాయిని ఆ వాకిలి ఖాళీలో నిలబెట్టారు. సరిగ్గా సరిపోయింది. చుట్టూ సిమెంటు మెత్తారు. తెర కట్టారు, తాడు లాగారు, చప్పట్లు కొట్టారు. మంత్రిగారు గురవమ్మను పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగి, "సంతోషమేనా అమ్మా?" అని అడిగారు.

"మా ఆయన లోపలుండాడు బాబూ."

"ఉండనీ అమ్మా. ఆయన ఇల్లే కదా."

కార్లు బయల్దేరాయి. డైరెక్టరు గారు ఎక్కబోతూ నన్ను పిలిచి, "గురవమ్మ పేరు సాయం జాబితాలోంచి తీసెయ్యండి. గృహం ఉన్నవారికి గృహం మంజూరు చేయడం నిధుల దుర్వినియోగం," అని తలుపు వేసుకున్నారు. దుమ్ము లేచి, కాసేపటికి అణిగింది. వాకిట్లో నేను, గురవమ్మ మిగిలాం.

రాయి వెనక నుంచి మాలకొండయ్య గొంతు వచ్చింది. "మేయ్, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉందా?"

ఆమె వేలు పెట్టి చూసింది. "ఉంది."

"గట్టిపడక ముందే తియ్యాల. అంచు గోకి, పై తల పట్టి నీ పక్కకి వంచు."

గురవమ్మ కొడవలితో అంచులు గోకింది. పై తల పట్టుకుని లాగింది. రాయి కదిలింది గానీ ఆమె ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. నా వైపు తిరిగింది.

"సారూ, అటు పట్టండి."

ఆ రాయి ప్రభుత్వ ఆస్తి. దాని మీద ఉన్నవాళ్లలో ఎవరు తలుచుకున్నా నా ఉద్యోగం పోతుంది. ఫైలు నేల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, అటు పట్టాను. ఇన్నేళ్ల సర్వీసులో ఒక ఇంటి కోసం నేను చేత్తో ఎత్తిన మొదటి బరువు అదే. ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఇద్దరం రొప్పుతూ దాన్ని గడప ముందు, వానకు గుంట పడ్డ చోట, మెల్లగా దించాం. అలవాటు కొద్దీ పేర్లు పైకి వచ్చేలా పెట్టాను.

వాకిలి తెరుచుకుంది. మంచం మీద నుంచి మాలకొండయ్య చూశాడు. "అట్టా కాదు సార్. తిరగెయ్యండి. నునుపు మొహం పైకి ఉంటే వానకి కాలు జారుద్ది. మాకు ఒక కాలు పోయింది చాలు."

తిరగేశాం. మంత్రిగారితో మొదలుపెట్టి ఆసుపత్రి కమిటీ దాకా గౌరవనీయులందరూ వరస తప్పకుండా బురదలోకి బోర్లా పడుకున్నారు. గరుకు వైపు పైకి వచ్చింది. గురవమ్మ దాని మీదికెక్కి, రెండు కాళ్లతో గట్టిగా తొక్కి చూసింది.

"కదల్లా," అంది. "ఇంక రండి సారూ, లోపలికి."